యూకేలో కౌన్సిల్ ట్యాక్స్ బాకీ: "నేను స్టూడెంట్‌ని" అంటే సరిపోతుందా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇదే ఇబ్బందిలో ఉన్నవాళ్ళు ఇంకా చాలామంది ఉంటారు కాబట్టి ముందు నువ్వు అడిగింది క్లుప్తంగా రాస్తాను.

నువ్వు 2023 సెప్టెంబర్‌లో ఎమ్మెస్సీకి ఇంగ్లండ్ వచ్చావు. అక్టోబర్ 1 నుంచి ముగ్గురు కలిసి ఒక టెర్రస్ ఇంట్లో (పక్కిళ్ళతో గోడలు కలిసి వరుసగా ఉండే ఇల్లు) ఉన్నారు. అగ్రిమెంట్ నీ ఒక్కడి పేరు మీదే ఉంది. మిగతా ఇద్దరూ నెలనెలా తమ వాటా అద్దె నీ అకౌంట్‌లో వేసేవాళ్ళు. వాళ్ళలో ఒకడు 2023 జనవరి ఇన్‌టేక్, అతని కోర్సు 2024 జనవరి 31కి అయిపోయింది, ఆ తర్వాత పీఎస్‌డబ్ల్యూ (చదువయ్యాక పనిచేసుకోవడానికిచ్చే వీసా) మీద వేర్‌హౌస్‌లో పనిచేస్తూ అక్కడే ఉన్నాడు. నీదీ, మూడో అబ్బాయిదీ ఒకే కోర్సు, 2024 సెప్టెంబర్ 30కి అయిపోయింది. 2025 మార్చి 31న ఇల్లు ఖాళీ చేశారు. కౌన్సిల్‌కి (మన మున్సిపాలిటీ లాంటిది) ఎవరూ ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. ఇప్పుడు నీ పేరు మీద 18 నెలలకు సుమారు 2,700 పౌండ్ల బిల్లు, దాని మీద మేజిస్ట్రేట్ కోర్టు సమన్స్ వచ్చాయి. హియరింగ్‌కి మూడు వారాలుంది. "నేను స్టూడెంట్‌ని కదా అన్నా, నేనెందుకు కట్టాలి? కట్టకుండా ఇండియా వెళ్ళిపోతే ఏమవుతుంది? వీసాకి దెబ్బా?" అని అడిగావు.

సూటిగా చెప్తాను. 2,700 కట్టక్కర్లేదు, అలాగని సున్నా కూడా కాదు. నువ్వు చెప్పిన తేదీలు నిజమైతే సుమారు 1,800 నీ మీద నిలుస్తుంది. అందులో సగం, అంటే 900, కేవలం అగ్రిమెంట్ మీద నీ ఒక్కడి సంతకమే ఉన్నందుకు పడుతోంది. ఆ మాట చెప్పడానికి నాకు బాధగానే ఉంది, కానీ తప్పుడు ధైర్యం చెప్పి నిన్ను కోర్టుకి పంపలేను.

నేను 2009లో నీలాగే చదువుకోవడానికి వచ్చినవాణ్ణి. తర్వాత ఆరేళ్ళు ఒక కౌన్సిల్ రెవెన్యూ ఆఫీసులో ఇవే బిల్లులు, ఇవే ఉత్తరాలు చూశాను. ఫోన్‌కి అవతలి వైపు మన పిల్లలు "సార్, ఐ యామ్ ఎ స్టూడెంట్" అని ఒకే మాట పదిసార్లు చెప్పడం విన్నాను. ఆ మాట నిజమే. కానీ ఆఫీసులో కూర్చున్నవాళ్ళకి కావాల్సింది వేరే రెండు సంగతులు: ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు స్టూడెంట్‌వి, ఇంటి అగ్రిమెంట్ మీద ఎవరి పేరుంది.

మన దగ్గర ఇంటి పన్ను ఓనర్ గొడవ. విజయవాడలోనో వరంగల్‌లోనో అద్దెకున్నవాడికి మున్సిపాలిటీ బిల్లు ఎలా ఉంటుందో కూడా తెలియదు. ఇక్కడ అది తలకిందులు. కౌన్సిల్ ట్యాక్స్ మామూలుగా ఇంట్లో ఉండేవాడి మీద పడుతుంది. చెత్త తీసుకెళ్ళడం, వీధి దీపాలు, వృద్ధుల సంరక్షణ, కొంత పోలీసు, ఫైర్ సర్వీసుల ఖర్చు అందులోంచే వెళ్తాయి. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు ఒక సంవత్సరం, బాకీ మాత్రం రోజుల లెక్కన. ఇల్లు ఏ బ్యాండ్‌లో (పన్ను శ్రేణిలో) ఉందన్నది ఇంగ్లండ్‌లో ఇప్పటికీ 1991 ఏప్రిల్ 1 నాటి విలువను బట్టే. 1993లో ఈ పన్ను రాకముందు ఉన్న పోల్ ట్యాక్స్‌లో (తలకింత అని వేసే పన్ను) ఫుల్‌టైమ్ స్టూడెంట్లు కూడా 20 శాతం కట్టాల్సి వచ్చేది. దాని మీద దేశమంతా గొడవ చేశాక ఈ కొత్త పన్ను పెట్టారు, స్టూడెంట్లను చాలావరకు బయట పెట్టారు. చాలావరకే, పూర్తిగా కాదు.

ఇప్పుడు అసలు సంగతి. ఎవరు కట్టాలన్నదానికి 1992 నాటి లోకల్ గవర్నమెంట్ ఫైనాన్స్ యాక్ట్ ఆరో సెక్షన్ ఒక నిచ్చెన కట్టింది. పై మెట్టు మీద ఆ ఇంట్లోనే ఉండే సొంతదారు. ఆ కింద ఆ ఇంట్లో ఉండే అద్దెదారు, అంటే అగ్రిమెంట్ ఉన్నవాడు. ఇంకా కింద, అగ్రిమెంట్ ఉన్నవాడికి డబ్బిచ్చి గదిలో ఉండేవాళ్ళు. ఆ కింద ఊరికే ఉండేవాళ్ళు. ఎవరూ ఉండకపోతే చివరి మెట్టు మీద ఓనర్. కౌన్సిల్ పై నుంచి దిగుతూ వచ్చి, మనిషి దొరికిన మొదటి మెట్టు దగ్గర ఆగిపోతుంది. ఆ మెట్టు మీద ఇద్దరు ముగ్గురుంటే మొత్తం బాకీకి అందరూ కలిసి బాధ్యులు, ఒక్కొక్కరి నుంచీ మొత్తం అడగొచ్చు.

స్టూడెంట్ రక్షణ ఇందులో రెండు చోట్ల వస్తుంది. ఒకటి, ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ స్టూడెంట్లే అయితే ఆ ఇంటికే మినహాయింపు, దాన్ని క్లాస్ ఎన్ అంటారు. బిల్లే ఉండదు. రెండు, 2004 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన మార్పు: నిచ్చెన మీద ఒకే మెట్టులో స్టూడెంటూ, స్టూడెంట్ కానివాడూ కలిసి ఉంటే స్టూడెంట్‌ని వదిలేసి రెండోవాడినే అడగాలి. "ఇంట్లో ఒకడు పీఎస్‌డబ్ల్యూ అయితే వాడే కట్టుకోవాలి, మనకి సంబంధం లేదు" అని మనవాళ్ళు గ్రూపుల్లో చెప్పుకునేది ఈ మార్పు గురించే. కానీ ఒకే మెట్టులో అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగు. ముగ్గురూ అగ్రిమెంట్ మీద ఉంటే ముగ్గురిదీ ఒకే మెట్టు, అప్పుడు ఆ మాట నూటికి నూరు పాళ్ళు నిజం. మీ ఇంట్లో అగ్రిమెంట్ నీ ఒక్కడిదే. నువ్వు పై మెట్టు మీద ఒంటరిగా ఉన్నావు, నీ ఫ్రెండ్ నీ కింది మెట్టు మీద ఉన్నాడు. కౌన్సిల్ నీ దగ్గరే ఆగిపోతుంది. నువ్వు స్టూడెంట్‌వైనా సరే.

ఈ ఒక్క ముక్క తెలియక నష్టపోయిన మన పిల్లల్ని ఎంతమందిని చూశానో చెప్పలేను. కొత్త ఊళ్ళో ఏజెంట్ ఒక్కరి పేరు మీదే ఇస్తానంటాడు, రిఫరెన్సింగ్ (అద్దెదారు వివరాల తనిఖీ) గొడవలనో, గ్యారంటర్ ఒక్కడే ఉన్నాడనో. ఎవరో ఒక మంచివాడు ముందుకొచ్చి సంతకం పెడతాడు. ఇంట్లో మంచివాడి మీదే బాకీ పడుతుంది.

ఇక లెక్క. మీ బిల్లు ఏడాదికి 1,800, నెలకు 150 అనుకుందాం. అసలు లెక్క రోజుల్లో వేస్తారు కాబట్టి నాలుగు పౌండ్లు అటూ ఇటూ అవుతుంది.

2023 అక్టోబర్ నుంచి 2024 జనవరి దాకా నాలుగు నెలలు ముగ్గురూ స్టూడెంట్లే. క్లాస్ ఎన్, సున్నా. ఫిబ్రవరి నుంచి సెప్టెంబర్ దాకా ఎనిమిది నెలలు ఇంట్లో లెక్కలోకి వచ్చే మనిషి ఒక్కడే, జనవరిలో కోర్సు అయిపోయినవాడు. స్టూడెంట్లు ఎంతమంది ఉన్నా వాళ్ళను తలల లెక్కలో కలపరు. అందుకని 25 శాతం తగ్గింపు వస్తుంది: నెలకు 112.50, ఎనిమిది నెలలకు 900. ఇది చట్టం ప్రకారం నీ మీద పడే 900. మీ ముగ్గురూ సంతకం పెట్టి ఉంటే ఇది పూర్తిగా ఆ అబ్బాయి ఒక్కడిదే అయ్యేది. అక్టోబర్ నుంచి మార్చి దాకా ఆరు నెలలు మీ ముగ్గురి కోర్సులూ అయిపోయాయి, తగ్గింపు లేదు, నెలకు 150 చొప్పున ఇంకో 900. మొత్తం 1,800. కౌన్సిల్ 2,700 ఎందుకు వేసిందంటే, వాళ్ళ దగ్గర నీ పేరు, అగ్రిమెంట్ తేదీ తప్ప ఇంకేమీ లేవు. ఆ రెండూ బహుశా ఓనరో ఏజెంటో పంపి ఉంటారు. కాగితం లేని చోట కౌన్సిల్ పూర్తి బిల్లు వేస్తుంది.

ఫ్రెండ్స్ నుంచి నువ్వు డబ్బు అడగొచ్చా? న్యాయంగా అడగాలి కూడా. కానీ అది మీ ముగ్గురి మధ్య వ్యవహారం. కౌన్సిల్‌కి "వాళ్ళ దగ్గర వసూలు చేసుకోండి" అని రాసి ప్రయోజనం లేదు. ఇవాళే ముగ్గురూ ఒక కాల్‌లో కూర్చుని ఈ లెక్క ముందు పెట్టుకోండి. మొదటి 900 జనవరి అబ్బాయిది, రెండో 900 మూడు వాటాలు. ఆ మాట వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఉంచుకోండి.

ఒక విషయం సరిచూసుకో. నీ అగ్రిమెంట్ మొత్తం ఇంటికా, ఒక్క గదికా? ఇంట్లో ప్రతివాడికీ ఓనర్‌తో విడివిడిగా గది అగ్రిమెంట్ ఉంటే కథ వేరు. అప్పుడు కౌన్సిల్ ట్యాక్స్ ఓనర్ బాధ్యత, నిన్ను అడగకూడదు. మీ ఇంట్లో మిగతా ఇద్దరూ నీకే డబ్బిచ్చారంటున్నావు కాబట్టి అలా లేదనే అనుకుంటున్నా, అయినా కాగితం మీద ఏముందో నీ కళ్ళతో చూడు. "బిల్స్ ఇన్‌క్లూడెడ్" అని రాసి ఉంటే కూడా చెప్పు. దానితో కౌన్సిల్ నిన్ను వదిలేయదు గానీ, ఓనర్‌ని నువ్వు నిలదీయొచ్చు.

ఇప్పుడు తేదీల సంగతి. మన పిల్లలు ఎక్కువ పొరపాటు పడేది ఇక్కడే. స్టూడెంట్ వీసా కోర్సు తర్వాత ఇంకో నాలుగు నెలలు ఉంటుంది కదా, ఏడాది, అంతకు మించిన కోర్సులకి. ఆ నాలుగు నెలలు కూడా నేను స్టూడెంట్‌నే అనుకుంటారు. కాదు. కౌన్సిల్ చూసేది వీసా చివరి తేదీ కాదు, గ్రాడ్యుయేషన్ వేడుక తేదీ కాదు, రిజల్ట్ వచ్చిన తేదీ కాదు. యూనివర్సిటీ సర్టిఫికెట్ మీద ఉన్న కోర్సు ముగింపు తేదీ. ఆ మర్నాటి నుంచి నువ్వు లెక్కలోకి వస్తావు. ఫుల్‌టైమ్ అంటే కూడా ఒక కొలత ఉంది: కోర్సు కనీసం ఒక అకడమిక్ సంవత్సరం ఉండాలి, సంవత్సరంలో కనీసం 24 వారాలు హాజరు కావాలి, ఆ వారాల్లో చదువు, క్లాసులు అన్నీ కలిపి సగటున వారానికి 21 గంటలు. నీ ఎమ్మెస్సీ ఇందులోకి వస్తుంది. మాడ్యూల్ ఫెయిలై, హాజరు లేకుండా కేవలం రీ-సబ్మిషన్ కోసం ఆగినవాళ్ళకీ, మధ్యలో కోర్సు మానేసినవాళ్ళకీ ఇక్కడ చిక్కు వస్తుంది. అలాంటివాళ్ళు ముందు యూనివర్సిటీని అడిగి, ఆ కాలానికి సర్టిఫికెట్ ఇస్తారో లేదో తెలుసుకోవాలి.

ఆ సర్టిఫికెట్ ఇవ్వడం యూనివర్సిటీకి చట్టపరమైన బాధ్యత. చాలాచోట్ల స్టూడెంట్ పోర్టల్‌లో "కౌన్సిల్ ట్యాక్స్ సర్టిఫికెట్" అని ఒక బటన్ ఉంటుంది, రెండు నిమిషాల పని. కానీ కోర్సు వదిలి ఏడాది దాటాక అడిగితే కాదనే హక్కు వాళ్ళకుంది. జనవరిలో కోర్సు అయిపోయిన అబ్బాయికి ఆ ఏడాది ఇప్పటికే దాటిపోయింది. అయినా అడగమను, చాలామంది ఇస్తారు. ఇవ్వకపోతే అతని ఎన్‌రోల్‌మెంట్ లెటర్, మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్ తీసుకో, వాటి మీద తేదీలుంటాయి. మొదటి నాలుగు నెలల మినహాయింపు అతను అప్పటికి స్టూడెంట్ అని నిరూపించడం మీదే ఆధారపడి ఉంది. ఒకరి సర్టిఫికెట్ లేకపోతే ఆ నాలుగు నెలలకి కూడా 25 శాతం తగ్గింపుతో, ఇద్దరివి లేకపోతే అది కూడా లేకుండా బిల్లు వేస్తారు. ముగ్గురివీ కావాలి.

హియరింగ్ సంగతికి వస్తాను. నీ టెన్షన్ అంతా దాని మీదే ఉందని నీ రాతలో తెలుస్తోంది. సమన్స్ అంటే నిన్ను దొంగ అన్నట్టు కాదు. ఇది క్రిమినల్ కేసు కాదు. అక్కడ ఒకే పూటలో వందల పేర్ల జాబితా పెట్టి, బాకీ ఉందని లయబిలిటీ ఆర్డర్లు (వసూలుకి కోర్టు ఇచ్చే ఉత్తర్వులు) తీసుకుంటారు. ఒక ముఖ్యమైన విషయం: "నేను స్టూడెంట్‌ని, నాకు మినహాయింపు ఉంది" అన్న వాదన ఆ మేజిస్ట్రేట్ వినలేడు. అది వాల్యుయేషన్ ట్రిబ్యునల్ (కౌన్సిల్ ట్యాక్స్ అప్పీళ్ళు వినే చోటు) పరిధి, చట్టం ఆ రెండింటినీ విడదీసింది. అందుకని హియరింగ్ రోజున సర్టిఫికెట్ పట్టుకుని వెళ్ళి కోర్టులో వాదించుకుందామని ఆగావంటే అప్పటికే ఆలస్యం. ఆ పని ఇప్పుడే, కౌన్సిల్‌తోనే చేయాలి.

కౌన్సిల్‌కి మెయిల్ రాయి. ఫోన్ కాదు, మెయిల్. అకౌంట్ నంబరు పైన పెట్టు. నేను చెప్పిన మూడు కాలాలు తేదీలతో విడదీసి రాయి, ముగ్గురి సర్టిఫికెట్లు, నీ అగ్రిమెంట్, ఇల్లు ఖాళీ చేసిన రుజువు జతచెయ్యి. మొదటి కాలానికి క్లాస్ ఎన్ మినహాయింపు, రెండో కాలానికి 25 శాతం తగ్గింపు ఇచ్చి బిల్లు తిరిగి వేయమను. బిల్లు మారేదాకా సమన్స్ వెనక్కి తీసుకోమనో, హియరింగ్ వాయిదా వేయమనో అడుగు. సమన్స్ ఖర్చు కలిపి ఉంటే అది తీసేయమని మర్యాదగా అడుగు, వేసిన బిల్లే తప్పు కాబట్టి చాలాసార్లు ఒప్పుకుంటారు. చివర్న తప్పకుండా ఒక వాక్యం ఉండాలి: ఈ ఉత్తరాన్ని 1992 చట్టం 16వ సెక్షన్ కింద అభ్యంతరంగా తీసుకోండి అని. ఆ వాక్యంతో గడియారం మొదలవుతుంది. రెండు నెలల్లో వాళ్ళు జవాబివ్వాలి. జవాబు నచ్చకపోతే అందిన రెండు నెలల్లోపు, అసలు జవాబే రాకపోతే నీ ఉత్తరం వాళ్ళకి చేరిన నాలుగు నెలల్లోపు, ట్రిబ్యునల్‌కి అప్పీల్ చెయ్యొచ్చు. దానికి ఫీజు లేదు, ఓడిపోయినా అవతలివాళ్ళ ఖర్చు నీ మీద పడదు. లాయర్ అక్కర్లేదు.

అదే మెయిల్‌లో నీకు ఒప్పుదలైన 1,800కి నెలవారీ వాయిదాలు అడుగు. నీ జీతం, అద్దె, తిండి ఖర్చు ఒక పేజీలో రాసి, నెలకు ఎంత కట్టగలవో నువ్వే చెప్పు. 150 అని చెప్పి రెండో నెలకే తప్పడం కంటే 100 అని చెప్పి పన్నెండు నెలలూ తప్పకుండా కట్టడం మేలు. అప్పీల్ నడుస్తున్నా వసూలు ఆగాలన్న నియమం లేదు, కాబట్టి ఒప్పుకున్న భాగం కడుతూ ఉంటే నీ మాటకి బలం. నేను ఆఫీసులో ఉన్నప్పుడు మాకు కూడా అంతే: డబ్బు కొంచెమైనా కదులుతున్న అకౌంట్‌ని ఎవరూ బెయిలిఫ్‌కి (ఇంటికొచ్చి బాకీ వసూలు చేసే ఏజెంట్‌కి) పంపేవాళ్ళం కాదు. మౌనంగా ఉన్న అకౌంటే వెళ్ళేది.

ఆ మౌనం ఎలా ఉంటుందో మా ఇంట్లోనే చూశాను. 2010 చలికాలం. ఐదుగురం ఉండేవాళ్ళం. తలుపు కింద నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ హాల్లో రేడియేటర్ మీద పెట్టేవాళ్ళం, పాత అద్దెదారుల పేర్లవి, పిజ్జా కాగితాలు, అన్నీ కలిపి. ఎవరి పేరు వాళ్ళు వెతుక్కోవాలి. ఎవరూ వెతకలేదు. ఒక ఉదయం ఏడు గంటలకి తలుపు కొట్టారు. మా రూమ్మేట్ ఉప్మాకి రవ్వ వేయిస్తున్నాడు, గరిటె చేతిలో పట్టుకునే తలుపు తీశాడు. బయట నల్ల కోటు మనిషి, చేతిలో కాగితాల అట్ట, నా పేరు అడిగాడు. రవ్వ మాడిన వాసన ఇల్లంతా నిండేదాకా మేమెవరం కదల్లేదు. తర్వాత రేడియేటర్ మీద కట్ట విప్పితే రిమైండర్, సమన్స్, ఆర్డర్ వచ్చినట్టు చెప్పే ఉత్తరం, మూడూ వరుసగా ఉన్నాయి. మూడింటికీ కవరు అంచు కూడా చింపలేదు. అప్పటికి మేమందరం స్టూడెంట్లమే. కట్టాల్సింది నిజానికి సున్నా. ఐదు సర్టిఫికెట్లు పంపడానికి బద్ధకించినందుకు నాలుగు నెలలు నిద్ర లేదు. చివరికి బిల్లు పోయింది, కౌన్సిల్ తనే కోర్టుని అడిగి ఆర్డర్ కొట్టేయించింది. అది సాధ్యమేనని నీకు తెలియడానికే ఇది రాశాను.

ఒకవేళ నీ విషయంలో ఆర్డర్ వచ్చేసినా భయపడకు. అప్పుడు కౌన్సిల్‌కి కొన్ని అధికారాలు వస్తాయి: నీ జీతం నుంచి నేరుగా కోయించడం, ఎన్‌ఫోర్స్‌మెంట్ ఏజెంట్లకి, అంటే బెయిలిఫ్‌లకి, అప్పగించడం లాంటివి. 2014 నిబంధనల్లో ఏజెంట్ల ఫీజు మొదటి ఉత్తరానికే 75 పౌండ్లు, ఇంటికి వస్తే ఇంకో 235 అని పెట్టారు. అది బాకీ మీద అదనం. అందుకే వాళ్ళ మొదటి ఉత్తరం దగ్గరే మాట్లాడి ఆపాలి. ఇంటికొచ్చినా, కౌన్సిల్ ట్యాక్స్ బాకీ కోసం మొదటిసారి వచ్చినవాళ్ళు బలవంతంగా లోపలికి రాలేరు. తలుపు తీయకుండా కిటికీలోంచో ఫోన్‌లోనో మాట్లాడొచ్చు. సిటిజన్స్ అడ్వైస్, స్టెప్‌చేంజ్ లాంటి సంస్థలు ఉచితంగా సలహా ఇస్తాయి. సలహాదారు ద్వారా 60 రోజుల బ్రీదింగ్ స్పేస్ (వసూలు తాత్కాలికంగా ఆగే గడువు) కూడా దొరకొచ్చు. ఆ సలహా తీసుకోవడం వల్ల వీసాకి ఏమీ కాదు.

వీసా గురించి. వీసా నిబంధనల్లో బాకీల పేరుతో తిరస్కరించే చోట ఉన్నవి ఎన్‌హెచ్‌ఎస్‌కి (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవకి) 500 పౌండ్లు, ఆపైన ఉన్న బాకీ, హోమ్ ఆఫీస్‌కి (వీసాలు చూసే శాఖకి) కట్టాల్సిన కోర్టు ఖర్చులు. కౌన్సిల్ ట్యాక్స్ ఆ జాబితాలో లేదు. లయబిలిటీ ఆర్డర్ అనేది సీసీజే (బాకీ మీద కౌంటీ కోర్టు తీర్పు) కూడా కాదు, క్రెడిట్ రిపోర్టులో కనబడదు. కానీ రేపు పౌరసత్వానికి అప్లై చేసేటప్పుడు నడవడిక చూస్తారు, పన్నుల విషయంలో ఎలా ఉన్నావన్నది అందులో భాగం. ఇవాళ 1,800 వాయిదాల్లో కట్టి పూర్తి చేసిన కాగితం అప్పటికి నీ దగ్గర ఉండాలి.

వీసాకి నిజంగా ప్రమాదం ఉన్నది వేరే చోట. ఇది పెద్ద అక్షరాలతో రాయాలనిపిస్తోంది. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో "కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్" అనో, "సపోర్ట్" అనో ఒక ఫారం కనిపిస్తుంది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ఇచ్చే సాయం అది. అది పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వమిచ్చే సాయం) కిందికి వస్తుంది, నీ వీసా మీద పబ్లిక్ ఫండ్స్ వద్దని ఉంటుంది. పేరు బాగుంది కదా, బిల్లు తగ్గుతుంది కదా అని నింపొద్దు. స్టూడెంట్ మినహాయింపు, ఒక్క మనిషి ఉన్నప్పుడు వచ్చే 25 శాతం తగ్గింపు మాత్రం పబ్లిక్ ఫండ్స్ కాదు, అవి ధైర్యంగా అడుగు. ఆఫీసులో నాకు కళ్ళలో నీళ్ళు తిరిగిన సందర్భాలన్నీ ఇలాంటి ఫారాలవే. ఎవరో ఒక సీనియర్ మంచి మనసుతోనే "ఇది నింపు, తగ్గిస్తారు" అని చెప్పి ఉంటాడు.

ఇండియా వెళ్ళిపోవడం గురించి అడిగావు. బాకీ రద్దు కాదు. బిల్లు గడువు మొదలైన ఆరేళ్ళలోపు కౌన్సిల్ ఎప్పుడైనా కోర్టుకి వెళ్ళొచ్చు, ఆర్డర్ వచ్చాక ఇక కాలపరిమితి లేదు. నాలుగేళ్ళ తర్వాత స్కిల్డ్ వర్కర్ వీసా మీద తిరిగొస్తే, మొదటి పే స్లిప్‌లోనే జీతంలోంచి కోత కనబడిన మనిషిని నేను చూశాను. కొత్త మేనేజర్‌కి ఆ కాగితం వెళ్ళడం ఎంత ఇబ్బందో ఊహించుకో. ఊరికి వెళ్ళేది ఖాయమైతే, వెళ్ళే తేదీ, అక్కడి చిరునామా కౌన్సిల్‌కి రాసి, వాయిదాలు అక్కడి నుంచే పంపేలా మాట్లాడుకో.

ఈ పేజీ చదివే మిగతావాళ్ళ కోసం రెండు మాటలు. భార్యో భర్తో డిపెండెంట్‌గా ఉన్నవాళ్ళు: స్టూడెంట్ జీవిత భాగస్వామి బ్రిటిష్ పౌరులు కాకుండా, వీసా మీద పబ్లిక్ ఫండ్స్ తీసుకోకూడదన్న షరతు ఉంటే, ఆమె ఉద్యోగం చేస్తున్నా లెక్కలోకి రాదు, ఇంటికి క్లాస్ ఎన్ వర్తిస్తుంది. చాలా కౌన్సిళ్ళలో మొదట కాదంటారు, వీసా కాగితం జతచేసి మళ్ళీ రాయండి. కోర్సు అయిపోయిన రోజున ఆ రక్షణ ఇద్దరికీ పోతుంది. స్కాట్లాండ్‌లో పద్ధతి కొంచెం వేరు, అక్కడ నీటి పన్ను కూడా ఇదే బిల్లులో వస్తుంది, బాకీ పడితే సమ్మరీ వారంట్ (అక్కడి కోర్టు వసూలు ఉత్తర్వు) మీద 10 శాతం అదనం కలుపుతారు. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో కౌన్సిల్ ట్యాక్సే లేదు, రేట్స్ అంటారు.

ఇంట్లో ఎవరి కోర్సు అయిపోయినా 21 రోజుల్లో కౌన్సిల్‌కి చెప్పాలి, చెప్పకపోతే 70 పౌండ్ల జరిమానా వేసే అధికారం వాళ్ళకుంది. నీ కేసులో ఆ జరిమానా వేసినట్టు లేదు, నువ్వే ముందుగా వివరాలిస్తే వేసే అవకాశం తక్కువ.

తమ్ముడూ, ఇవాళ రాత్రే మిగతా ఇద్దరికీ ఫోన్ చెయ్యి. సర్టిఫికెట్లు, అగ్రిమెంట్ మొదటి పేజీ చేతికొచ్చాక, పేర్లూ అకౌంట్ నంబరూ కనబడకుండా చేసి, తేదీలు మాత్రం ఇక్కడ పెట్టు. రోజుల లెక్క నేను వేసి ఇస్తాను, మెయిల్ డ్రాఫ్ట్ కూడా ఒకసారి చూస్తాను. హియరింగ్‌కి కనీసం పది రోజుల ముందు అది వాళ్ళకి చేరాలి, కాబట్టి ఈ శనివారం దాటనివ్వకు.